వాద్యముల ఉమ్మడి భాష

తెలుగున మిడిమిడి జ్ఞానమను మాట కలదు. అరకొర తెలివికి ఆ పేరు. నేడు మేము ప్రసంగింపబోవు విషయము పేరు కూడ మిడియే. ఈ మిడికిని ఆ మిడిమిడికిని చుట్టరికమేమియు లేదు. సంగీత వాద్యములను అంకెల మూలమున ఒకదానితో నొకటి కలుపు సంధానము అను అర్థము గల ఆంగ్ల నామమునందలి నాలుగు పదముల తొలి అక్షరములను కూర్చి చేసిన పొట్టిపేరు ఇది. అయినను దీనిని గూర్చి లోకమున నున్నది చాలవరకు మిడిమిడి జ్ఞానమే. మిడి యనగా చౌకబారు బొమ్మ వాద్యముల ధ్వని యని కొందఱు తలంచుచున్నారు. మిడి యున్నచో స్వరజ్ఞానము లేకున్నను సంగీతము దానంతటది పుట్టుకొని వచ్చునని మఱికొందఱు తలంచుచున్నారు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు.

స్టూడియోలలో పనిచేయు కొలదిమందికి కావలసిన ఈ విషయము గృహస్థులకెందుకని శ్రోతలు అడుగవచ్చును. నేడు రేడియోలో, చలనచిత్రములలో, చేతి ఫోనులలో మనము వినుచున్న పాటలలో పెక్కింటి కూర్పు కంప్యూటరునందే జరుగుచున్నది. పిల్లలకు సంగీతము చెప్పింపవలెనని తలచిన తల్లిదండ్రులలో హార్మోనియమునకు బదులు చిన్న కీబోర్డును కొని, దానిని ఇంటనున్న కంప్యూటరునకు తగిలించువారు కలరు. ఆ కంప్యూటరునందు ఎట్టి సాఫ్ట్‌వేర్ ఉండవలెను, అది ఏ పనులు చేయగలిగి యుండవలెను అను ప్రశ్న కావున ఇంటి ప్రశ్నయే యైనది. అంతకంటె పెద్ద ప్రశ్న మఱొకటి కలదు. మన రాగములును, మన గతులును ఈ యంత్రములలో తమ రూపము చెడకుండ నిలుచునా, లేక యంత్రమునకు అందినంత మేరకే కుదించుకొనిపోవునా? ఇందుకు సమాధానము యంత్రము చేతిలో లేదు. మిడి యొసగు సౌకర్యములను మనమెంత తెలిసి వాడుదుమో దానిపై నాధారపడి యున్నది.

మొట్టమొదట తెలిసికొనవలసిన దేమనగా, మిడి ధ్వనిని మోయదు. గ్రామఫోను రికార్డునందు ధ్వని యున్నది. టేపునందు ధ్వని యున్నది. మిడియందు ధ్వని లేదు. వాద్యకారుడు ఏ మెట్టును నొక్కెను, ఎంత బలముతో నొక్కెను, ఎప్పుడు విడిచెను అను చిట్టా మాత్రమే యున్నది. స్వరములు వ్రాసిన పుస్తకమునకును పాడిన పాట రికార్డునకును ఎట్టి భేదమున్నదో, మిడికిని ధ్వనిముద్రణమునకును అట్టి భేదమే యున్నది. అయితే పుస్తకమునందలి స్వరములు చదువరి కొఱకు వేచియుండును. మిడి స్వరములను యంత్రమే చదివి, తన యొద్దనున్న ధ్వనితో పలికించును. పుస్తకమున వ్రాయలేని ఒత్తులను, కాల భేదములను కూడ ఇది వ్రాసి యుంచును.

ఈ వ్రాత యెట్లుండునో చూతము. ఒక మెట్టును నొక్కినంతనే మూడంకెలు బయలుదేరును. మొదటిది చేసిన పని యేమో, అది 16 చానెళ్లలో ఏ చానెలుపై జరిగెనో చెప్పును. రెండవది ఏ స్వరమో చెప్పును. మూడవది ఎంత ఒత్తో చెప్పును. స్వరమునకు గాని ఒత్తునకు గాని 0 మొదలు 127 వరకు 128 విలువలు కలవు. హార్మోనియముపై ఒకటవ శ్రుతి యని మనము చెప్పుకొను మెట్టు, అనగా పియానో నడుమనుండు సి అను మెట్టు, సంఖ్య 60. దానినే షడ్జముగ గైకొన్నచో 60, 61, 64, 65, 67, 68, 71, 72 అను అంకెల వరుస ఏమగును? మన పిల్లలు సరళీ స్వరములు నేర్చుకొను మాయామాళవగౌళ ఆరోహణమగును. అంకెలలో వ్రాసినంత మాత్రమున రాగము పరాయిది కాలేదు. ఈ సందేశములు తొలి పద్ధతిలో తీగ వెంట సెకనుకు 31,250 బిట్ల వేగముతో పోవును. మూడంకెల సందేశము ఒకటి చేరుటకు సెకనులో వేయవ వంతు కంటె కొంచెము తక్కువ కాలము పట్టును.

ఇట్టి ఏర్పాటు ఏల కావలసి వచ్చెనో తెలిసినగాని దాని విలువ తెలియదు. 1970 నాటి దశకమున సింథసైజరులను విద్యుత్ వాద్యములు విరివిగా వచ్చెను. కాని ఒక కంపెనీ వాద్యము మఱొక కంపెనీ వాద్యముతో మాటలాడలేక పోయెను. విద్యుత్ పీడనము ఒక వోల్టు పెరిగినప్పుడు స్వరము ఒక స్థాయి పైకి పోవునట్లు కొందఱు అమర్చిరి. పీడనము రెట్టింపైనప్పుడు ఒక స్థాయి పెరుగునట్లు మఱికొందఱు అమర్చిరి. ఈ రెండు రకముల వాద్యములను కలిపినచో అపశ్రుతియే ఫలము. ఒక కంపెనీ వాద్యమును కొన్నవాడు తక్కిన పరికరములను కూడ అచ్చటనే కొనవలసి వచ్చెడిది.

ఈ చిక్కును విడదీయుటకు పూనుకొన్నవారిలో ఇద్దఱు ముఖ్యులు. ఒకరు జపానుదేశమున ఒసాకా నగరమునందు 1972లో రోలండ్ కంపెనీని స్థాపించిన ఇకుటారో కకెహాషి. రెండవవారు అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ అను కంపెనీని నడపిన డేవ్ స్మిత్. వీరు వ్యాపారమున పోటీదారులే. అయినను 1981లో ఉమ్మడి పద్ధతిని గూర్చి చర్చలు సాగించిరి. ఆ సంవత్సరమే స్మిత్, చెట్ వుడ్ కలిసి తమ ప్రతిపాదనను ధ్వని ఇంజనీరుల సభలో చదివిరి. యమహా, కోర్గ్, కవాయి కంపెనీలును చేయి కలిపెను. 1983 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన వాద్య ప్రదర్శనమున ఒక కంపెనీ చేసిన ప్రాఫెట్-600ను, మఱొక కంపెనీ చేసిన జూపిటర్-6ను ఒకే తీగతో కలిపిరి. ఒకదానిపై వ్రేలు మోపగా రెండవది పలికెను. ఆ సంవత్సరము ఆగస్టులో మిడి మొదటి నిబంధన గ్రంథము వెలువడెను. దానిని వాడుకొనువారి నుండి రుసుము కోరలేదు. అందుచేతనే అది లోకమంతట వ్యాపించినదని మా నమ్మకము. 2013లో ఆ యిద్దఱికిని గ్రామీ సాంకేతిక పురస్కారము లభించెను. కకెహాషి 2017లోను, స్మిత్ 2022లోను దివంగతులైరి. వారు పోటీని ప్రక్కకు పెట్టి చేసిన ఒప్పందము మాత్రము నలుబది యేండ్లు దాటినను నిలిచి యున్నది.

పిదప కంప్యూటరు రంగమున ప్రవేశించెను. 1985లో వచ్చిన అటారి ఎస్‌టి కంప్యూటరునకు మిడి తీగలు తగిలించు రంధ్రములు పుట్టుకతోనే యుండెను. దానిపై నడచుటకు జర్మనీకి చెందిన స్టైన్‌బెర్గ్ కంపెనీవారు 1989లో క్యూబేస్ అను సాఫ్ట్‌వేర్‌ను వెలువరించిరి. ఒకరి చిట్టాను మఱొకరు చదువుటకు వీలుగ మిడి ఫైలునకు 1988లోనే ఒక ప్రమాణ రూపము ఏర్పడెను. ఆ కాలమున కంప్యూటరు స్వరములను వ్రాసియుంచెడిదే గాని పలుకుట బయటి వాద్యముల పని. 1999 నాటికి వాద్యములే సాఫ్ట్‌వేర్ రూపమున కంప్యూటరులోనికి వచ్చి చేరెను. వ్రాయునదియు, పలుకునదియు నేడు ఒకే పెట్టె యందున్నవి. బల్లపై నున్న కీబోర్డునకు తనదంటూ స్వరము లేకపోయినను పనిజరుగును.

ఇక సంగీతము కూర్చు సాఫ్ట్‌వేర్ నందు మిడి సౌకర్యములుండుట వలన కలుగు లాభమేమి? ఒక ఉదాహరణము చెప్పెదము. పాట కూర్చిన విద్వాంసుడు ఒకటవ శ్రుతిలో వాద్య భాగమంతయు వాయించి పెట్టెననుకొందము. పాడుటకు వచ్చిన గాయని ఐదవ శ్రుతిలో పాడునామె. ధ్వనిని టేపుపై ముద్రించి యుండినచో వాద్యములన్నియు మరల వాయింపవలసినదే. టేపు వేగము పెంచినచో శ్రుతితో పాటు కాలము కూడ మారిపోవును. వాద్యముల గొంతుకలు మారిపోవును. మిడియందైనచో ప్రతి స్వరసంఖ్యకును ఏడు కలిపిన చాలును. 60 పోయి 67 వచ్చును. రాగము చెడదు, కాలము మారదు. తాళవాద్యముల చానెలును మాత్రము కదలింపరాదు. అచ్చట అంకె స్వరమును గాక వాద్యమును సూచించును గనుక, ఏడు కలిపినచో డప్పునకు బదులు తాళము మ్రోగగలదు.

కాలము సంగతియు నట్లే. సరళీ స్వరములను మొదటి కాలమున ఒకసారి వ్రాసి పెట్టినచో రెండవ కాలమునకును, మూడవ కాలమునకును మరల వ్రాయనక్కఱలేదు. వేగమును రెట్టింపు చేసినచో శ్రుతి చెక్కుచెదరక స్వరము రెండింతల వడితో పోవును. వాయించుటలో ఒక్క వ్రేలు తప్పి ప్రక్క మెట్టుపై పడినయెడల ఆ యొక్క అంకెను దిద్దిన చాలును. పాటంతయు మరల మొదలు పెట్టనక్కఱలేదు. వేణువుతో పలికించిన చరణమును వయొలిన్‌తో విని చూడదలచినచో పలుకు వాద్యమును మార్చిన చాలును. వ్రాసిన స్వరములను కాగితముపై ముద్రించి వాద్యకారుల చేతికి ఈయవచ్చును. చోటు కూడ తక్కువయే పట్టును. వేయి స్వరముల పాటకు సుమారు 8,000 బైట్లు చాలును. అదే పాటను కాంపాక్ట్ డిస్కు పద్ధతిలో ధ్వనిగ ముద్రించినచో ఒక్క సెకనుకే 1,76,400 బైట్లు కావలెను. 2000 తరువాత కొన్నేండ్లు చేతి ఫోనులలో బహుస్వరములతో మ్రోగిన పాటలు పెక్కు ఈ చిన్న ఫైళ్ల చలువయే.

ఇంతవరకు చెప్పినవి లాభములు. ఇక జాగ్రత్తలు చెప్పవలెను. మొదటిది లయను గూర్చినది. సంగీత సాఫ్ట్‌వేర్లలో క్వాంటైజు అను సౌకర్యము కలదు. వాయించువాడు కొంచెము ముందుగనో, కొంచెము వెనుకగనో వేసిన స్వరములను లాగి గళ్లలో సరిగా కూర్చుండబెట్టుట దాని పని. నేర్చుకొనువారికి అది ఆకర్షణీయముగ నుండును. కాని గళ్లు ఎవరి లెక్కకు గీసినవో చూడవలెను. కాలమును అక్షరమునకు 480 భాగములుగ విభజించు సాఫ్ట్‌వేర్లు కలవు. చతురశ్రగతికి 120 చొప్పున, తిశ్రగతికి 160 చొప్పున, ఖండగతికి 96 చొప్పున భాగములు శేషము లేకుండ సరిపోవును. మిశ్రగతియందు 480ని ఏడు చేత భాగించినచో శేషము మిగులును. నిమిషమునకు 60 అక్షరముల వేగమున ఒక్కొక్క భాగము సెకనులో వేయవ వంతులు రెండు మాత్రమే గనుక, ఆ శేషము చెవికి అందదు. కావున దోషము అంకెలలో లేదు. నాలుగు గళ్ల చట్రమును పెట్టి, ఏడుగ వాయించిన స్వరములను అందులోనికి త్రోయుటయందు దోషమున్నది. అట్లు చేసినచో మిశ్రగతి మాయమై, ఏ గతియు గాని వికారమొకటి పుట్టును. యంత్రము ఏడ్చినట్లు మ్రోగుచున్నదని మనము దానిని నిందింతుము. ఐదును, ఏడును గల గళ్లు సాఫ్ట్‌వేర్‌లో నుండవలెను. వానిని ఎంచుకొను జ్ఞానము వాడువానికి ఉండవలెను. మఱియు, విద్వాంసుని చేతిలో స్వరము ఒక తృటి వెనుకబడుట ఎల్లప్పుడును తప్పు కాదు. ఒక్కొక్కప్పుడు అదే పాటకు ప్రాణము. కనుక వాయించిన చిట్టాను దిద్దకముందు ఒక ప్రతి తీసి దాచుట మంచిది.

రెండవది గమకమును గూర్చినది. ఈ వాదము రేడియోకు క్రొత్తది కాదు. 1940లో ఆలిండియా రేడియో తన ప్రసారములలో హార్మోనియమును నిషేధించెను. హార్మోనియము మెట్లు పండ్రెండు స్వరములను స్థిరముగ బిగించి పెట్టినవనియు, ఒక స్వరము నుండి మఱొక స్వరమునకు జారుటకు గాని, స్వరమును ఊపుటకు గాని అందు వీలులేదనియు, అది మన సంగీతమునకు తగదనియు ఆనాటి వాదము. ఆ నిషేధము 1971లో గాని సడలలేదు. కాదన్నవారి వాదమున సత్యమున్నది. తోడి రాగమున గాంధారమును ఊపకుండ, మెట్టును నొక్కినట్లు నిలిపి పలికినచో, స్వరస్థానము సరిగానే యున్నను తోడి వినబడదు. మిడి కీబోర్డు చూపునకు హార్మోనియము వంటిదే. మఱి దీనికిని ఆ దోషము అంటదా?

అంటును, కాని ఇందు ఒక ద్వారము తెఱచియున్నది. మిడి కీబోర్డులలో పెక్కింటికి ఎడమవైపున ఒక చక్రము గాని, చిన్న కఱ్ఱ గాని ఉండును. దానిని కదలించినచో పలుకుచున్న స్వరము పైకి గాని, క్రిందికి గాని వంగును. దీనిని పిచ్ బెండు అందురు. తక్కిన విషయములకు 128 విలువలే యుండగా, దీనికి 16,384 విలువలు కలవు. వాడుకలో నున్న అమరికయందు చక్రము స్వరమును రెండు మెట్లు పైకిని, రెండు మెట్లు క్రిందికిని వంచును. అనగా ఒక మెట్టునకును దాని ప్రక్క మెట్టునకును నడుమ 4,096 సూక్ష్మ స్థానములు దొరకినట్లే. శ్రుతులు ఇరువది రెండా, అంతకంటె హెచ్చా అని పెద్దలు వాదించుకొన్నారు గదా! ఇన్ని వేల స్థానములలో వానికి చోటు లేదనుటకు వీలులేదు. కావలసినచో చక్రము పరిధిని పెంచి, ఒక స్థాయి పొడవునను జారు స్వరమును పలికింపవచ్చును. పలికిన పిదప ఆ వంపును తెరపై గీతగ చూచి, గమకము ఎచ్చట మొదలై ఎచ్చట ముగిసెనో దిద్దుకొనవచ్చును. ఈ గీతను దిద్దు వీలులేని సాఫ్ట్‌వేర్ మన సంగీతమునకు సగము పనికి మాత్రమే వచ్చును.

ఇందొక చిక్కు కలదు. పాత పద్ధతిలో పిచ్ బెండు చానెలునంతటిని వంచును. ఒకే చానెలుపై రెండు స్వరములు పలుకుచుండగా ఒక్కదానినే వంచుట సాధ్యము కాదు. వీణపై తంత్రిని లాగి గమకము పలికించుచుండగా తాళపు తీగెలు కదలక నిలిచియుండును గదా! ఆ సౌలభ్యము మొదటి మిడి యందు సహజముగ లేదు. 2018లో అంగీకరింపబడిన ఎంపిఇ అను పద్ధతి యందు ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క చానెలు నొసగి ఈ చిక్కును తీర్చిరి. 2020లో మిడి 2.0 వచ్చినది. అందు ఒత్తునకు 128 విలువలకు బదులు 65,536 విలువలు కలవు. ప్రతి స్వరమును వేఱువేఱుగ వంచవచ్చును. పాత వాద్యములతోను పొత్తు చెడదు.

కీబోర్డు చాలదని పాడి వినిపించినచో, కంఠధ్వనిని మిడిగ మార్చు సౌకర్యములును నేటి సాఫ్ట్‌వేర్లలో కలవు. తిన్నని స్వరముల వరకు అవి ఉపకరించును. గమకము వచ్చినచో ఒక్క ఊపును నాలుగైదు పొట్టి స్వరములుగ ముక్కలు చేసి వ్రాయుటయు కద్దు. రాగము తెలిసిన చెవి దానిని దిద్దవలసినదే. గాత్రము యొక్క పలుకును, ఊపిరిని, భావమును మిడి మోయలేదు. గాత్రమును ఎప్పటివలె ధ్వనిగనే ముద్రింపవలెను.

పరదేశపు పనిముట్టు మనకేలయని సందేహించువారికి మన చరిత్రయే సమాధానము చెప్పును. వయొలిన్ పడమటి దేశముల వాద్యము. బాలుస్వామి దీక్షితులు మొదలగు వారు దానిని కర్ణాటక సంగీతమునకు మలచిరి. ద్వారం వెంకటస్వామినాయుడుగారి విజయనగరమున దానిని పరాయిదని ఎవరందురు? 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్‌గారు విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టి, జంటతీగెలను మాని ఐదు తీగెలు కట్టి, దానిపై గమకములు పలికించిరి. వాద్యము మారకుండ వారు సర్దుకొనలేదు. తమ సంగీతమునకు తగినట్లు వాద్యమునే మార్చుకొనిరి. మిడి విషయమునను మనకు ఆ దారియే తగినది.

అట్లు మార్చుకొననిచో ఏమగునో తెలుపుటకు ఒక నిదర్శనము కలదు. ఏ అంకెకు ఏ వాద్యము పలుకవలెనో అన్ని కంపెనీలకు సమానముగ నుండుటకై 1991లో 128 వాద్యముల జాబితా నొకదానిని ఏర్పఱచిరి. అందు పియానోలు, ఆర్గనులు, గిటారులు వరుసలు దీరి యున్నవి. లోకమునందలి దేశీయ వాద్యముల కన్నింటికిని కలిపి ఎనిమిది స్థానములు దక్కెను. వానిలో మన దేశమునకు 105వ స్థానమున సితారు, 112వ స్థానమున షెహనాయి లభించినవి. వీణ లేదు, మృదంగము లేదు, నాదస్వరము లేదు. ఇది ఎవరి కుట్రయు కాదు. జాబితా వ్రాయుచోట మనవారు లేకుండిరి, అంతియే. నేడు సాఫ్ట్‌వేర్ వాద్యములను ఎవరైనను చేయవచ్చును గనుక, ఆ లోటును మనమే పూరించుకొనవచ్చును.

ఇంకొక మాట చెప్పక విడిచినచో మా ప్రసంగము ఏకపక్షమగును. తెలుగు చిత్రములు మద్రాసులో తయారగుచుండిన కాలమున పెద్ద వాద్యబృందములు స్టూడియోలో ఒకేచోట కూర్చుండి వాయించెడివి. వయొలిన్ వాద్యకారులు, వేణు విద్వాంసులు, తబలా, ఢోలకు వాయించువారు ఆ పనితో సంసారములు నడుపుకొనిరి. సింథసైజరులు, మిడి వచ్చిన పిదప ఒక్క గదిలో ఒక్కరే అన్ని భాగములను పలికించుట సాధ్యమైనది. పెక్కుమందికి పనులు తగ్గెను. ఈ నష్టమును కాదనుట న్యాయము కాదు. అదే సమయమున, వాద్యబృందమునకు సొమ్ము చెల్లింపలేని పల్లెటూరి యువకుడు తన బాణీని నలుగురికి వినిపింపగలుగుటయు ఈ పద్ధతి వలననే. మా అభిప్రాయమున మిడిని చిత్తుప్రతిగ వాడుట ఉత్తమము. బాణీ కుదురువఱకు మిడి వాద్యముతో దిద్దుకొని, కుదిరిన పిదప ముఖ్యమైన భాగమును ఒక్కటైనను జీవవాద్యముతో వాయింపించినచో పాటకు నిండుదనము వచ్చును, వాద్యకారునకు పని దొరకును.

ఇంటికి సాఫ్ట్‌వేర్ ఎంచుకొనువారు చూడవలసిన గుణములను క్లుప్తముగ చెప్పెదము. ధ్వనిముద్రణము మాత్రమే చేయునది కాక, స్వరములను ఒక్కొక్కటిగ తెరపై చూపి దిద్దనిచ్చునదై యుండవలెను. ఒత్తును, పిచ్ బెండును గీతలుగ చూపవలెను. మూడు, ఐదు, ఏడు భాగముల గళ్లు ఉండవలెను. క్వాంటైజు బలమును తగ్గించుకొను వీలుండవలెను. అప్పుడు స్వరము గడివైపు కొంత దూరమే జరుగును, చేతివాటము పూర్తిగ పోదు. మెట్టును నొక్కిన వెంటనే స్వరము పలుకవలెను. ఆలస్యము చెవికి తెలియునంత యైనచో పిల్లల లయ చెడును. అన్నింటికంటె ముఖ్యముగ, వ్రాసినదానిని ప్రమాణ మిడి ఫైలుగ బయటికి తీయుటకును, బయటి ఫైలును లోనికి తెచ్చుటకును వీలుండవలెను.

ఈ కడపటి గుణమును ముఖ్యమని ఏల అంటిమనగా, సాఫ్ట్‌వేర్ కంపెనీలు పుట్టుచుండును, గిట్టుచుండును. ఒక కంపెనీ తన సొంత రూపమున దాచిన కూర్పును ఆ కంపెనీ పోయిన పిమ్మట తెఱచుట కష్టము. 1988లో ఏర్పడిన మిడి ఫైలు రూపమును మాత్రము నేటి సంగీత సాఫ్ట్‌వేర్లు చదువుచునే యున్నవి. అయితే అందు ధ్వని లేదని మొదటనే చెప్పితిమి. ఆనాటి వాద్యము లేనిచో ఆనాటి గొంతుక మరల రాదు. కావున మెచ్చుకొన్న కూర్పును రెండు విధముల దాచవలెను: దిద్దుకొనుటకు మిడి ఫైలుగ, వినుటకు ధ్వనిగ.

మిడి ఒక లిపి వంటిది. లిపి యున్నంత మాత్రమున కావ్యము పుట్టదు; లిపి లేనిచో పుట్టిన కావ్యము నిలువదు. త్రిశ్రుతులు, గమకములు, గతులు తెలిసినవారు దూరముగ నిలుచున్నచో ఈ లిపి పడమటి సంగీతమునకే సొంతమై పోవును. తెలిసినవారు చేపట్టినచో మన భాషను కూడ నేర్చుకొనును. పిల్లలకు కీబోర్డు కొనిపెట్టు తల్లిదండ్రులు ఆ పిల్లలను గురువునొద్దకు కూడ పంపుదురు గాక. గురువు చెవిని తీర్చిదిద్దును. యంత్రము ఆ చెవి చెప్పినట్లు వినును.